పూజ్యమన్న మాటకు బదులు

నిజాము రాజ్యమున తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజలుండిరి. ఏలుబడి మాత్రము ఉర్దూలో సాగెను. అట్టి కాలమున తెలంగాణమున తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాయగా, పాలమూరు సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో గాక లెక్కతో బదులిచ్చిరి. 1934లో వారు వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులు నిలిచిరి. ఉర్దూ నేర్చిన వారికి భాషాభిమానము వేరనియు, పరభాషాద్వేషము వేరనియు తెలియును. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజులకన్న ప్రజలకే పీట వేసిరి. 1955లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

2025లో తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టిరి. పేరు పెట్టుట సులభము. దేవరకొండ తండాలలో లంబాడీల పాటలు, నల్లమల పెంటలలో చెంచుల కథలు నేటికిని పూర్తిగా లెక్కకెక్కలేదు. నాడు మనలను నొప్పించిన 'పూజ్యము' అను మాటను నేడు మనమే మరియొకరిపై వేయకుండుటయే ప్రజాస్వామ్యమునకు తొలి పాఠము.