గూడు చూసినవాళ్లే లేరు!

వడ్రంగిపిట్టతో పెద్ద ఇబ్బంది లేదు. చెట్టు మొదట్లో రాలిన చెక్కపొట్టును చూస్తే పైన తొర్ర ఎక్కడుందో తెలిసిపోతుంది. కర్రకు చిన్న అద్దమో కెమెరానో కట్టి చూస్తే చాలు... గుడ్లెన్ని, పిల్లలెన్ని, ఎగిరిపోయినవెన్ని అన్నీ పుస్తకంలో రాసుకోవచ్చు. మరి మన కలివికోడికో? రాసుకుందామంటే అసలు గూడే దొరకలేదు!

కడప జిల్లా లంకమల చుట్టుపక్కల ముళ్లపొదల్లో తిరిగే ఈ పిట్టను 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత జాడ లేకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనిపించింది. పక్షి శాస్త్రవేత్తలు ఎగిరి గంతేశారు. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది.

కానీ ఇది పగలు కనిపించదు. రాత్రిపూట తిరుగుతుంది. అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని బాటలా పరిచి, తెల్లారాక దానిమీద కాలిముద్రలు వెతికేవారు. దారుల పక్కన కెమెరాలు అమర్చేవారు. ముద్రలు పడ్డాయి, ఫొటోలూ వచ్చాయి. గుడ్డు మాత్రం... ఊహూఁ!

ఆ గుడ్డు చివరికి ఎక్కడ దొరికిందనుకున్నారు? స్కాట్లాండ్‌లో! అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలోని పాత గుడ్ల పెట్టెలో. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించిన గుడ్డది. దాంట్లోంచి తీసిన డీఎన్‌ఏను, మ్యూజియంలో భద్రపరిచిన కలివికోడి డీఎన్‌ఏతో పోల్చి, అది దీనిదేనని తేల్చారు. ఆ సంగతి 2013లో బయటికొచ్చింది. కలివికోడి గుడ్డుగా రుజువైంది అదొక్కటే. అదీ వందేళ్ల నాటి ఖాళీ పెంకు.

గూడు తెలియకపోతే వచ్చే నష్టమేమిటంటారా? చాలానే ఉంది. ఈ పిట్ట మరీ చిక్కటి పొదల్లో ఉండదు, బోడినేలలోనూ ఉండదు. నడుమ నడుమ ఖాళీలున్న పొదలే కావాలి. అక్కడికే గొర్రెలూ వస్తాయి, వంటచెరకు కోసం మనుషులూ వస్తారు. దీని దగ్గరి చుట్టాలన్నీ నేలమీదే గుడ్లు పెడతాయి కాబట్టి ఇదీ అంతే అయి ఉండాలి. ఏ నెలలో పొదుగుతుందో తెలిస్తే, 'ఈ రెండు నెలలు మందను అటు తోలకు నాయనా' అని గొర్రెల కాపరికి చెప్పొచ్చు. తెలియనప్పుడు ఏడాది పొడవునా వద్దనాలి. అలా అంటే ఎవరు వింటారు?

2009 తర్వాత ఏళ్ల తరబడి దీని జాడ మళ్లీ ఖాయంగా తెలియలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో కొందరు పక్షి ప్రేమికులు చీకట్లో దీని కూతను రికార్డు చేశారు. అంటే ఉందన్నమాట! ఆ కూసిన పిట్టకు జోడీ ఉందో లేదో మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు.