ముందు ఉప్పెంతో చెప్పండి, ప్రోటీన్ సంగతి తర్వాత

మూడు నెలలు చాల్లేదట. ఆహార ప్యాకెట్ల ముందు భాగాన ఉప్పు, చక్కెర, కొవ్వు గురించి ఎలాంటి హెచ్చరిక వేయాలో మూడు నెలల్లో తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. జులైలో కేంద్రం ఇంకో మూడు నెలలు అడిగి తెచ్చుకుంది. అసలు ముసాయిదా 2022 సెప్టెంబరు నాటిది. దాని మీద 14 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి కాబట్టి ఆలస్యమవుతోందట. ఇంతమంది మొత్తుకున్నారంటే పని తొందరపడాలి గాని, ఆ మొత్తుకోళ్లనే సాకు చేసుకుని ఆగిపోతారా? ఈ కరపత్రం ఆ ప్యాకెట్లన్నిటిలో ఒక్కదాన్ని పట్టుకుంటుంది: ఉప్పులో ఊరేసి నిలవచేసిన పంది మాంసం. బేకన్, హామ్, సాసేజ్, సలామీ అన్న పేర్లతో ఫ్రీజర్ పెట్టెల్లోకి వచ్చేది. దానికి దగ్గరి చుట్టమైన మన ఉప్పుకండాన్నీ వదిలిపెట్టం. మంచీ చెడూ ఒకే ముక్కలో ఉన్న సరుకు ఇది. అమ్మేవాడు మంచిని ముందు అట్ట మీద, చెడును వెనక అట్ట మీద వేయడం ఇందులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనపడదు.

పంది మాంసం మీద మాకు పగలేదు. పశ్చిమ కనుమల అంచున బతికే ఊరు మన రాజపాళయం. మన ఊరి పేరు మోసే తెల్ల వేటకుక్కను పెంచిందే అడవిపంది వెంట తరమడానికి. కొవ్వు తీసిన పచ్చి పంది మాంసం 100 గ్రాముల్లో ప్రోటీన్ 20 గ్రాములకు పైగా ఉంటుంది, సోడియం 50, 60 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది. బి1 విటమిన్ విషయంలో మేకా కోడీ దాని దరిదాపుల్లోకి రావు. ఆ విటమిన్ కరువైతే వచ్చే బెరిబెరి మీద 1918లో మెకారిసన్ అనే వైద్యుడు కూనూరులో మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే పెరిగి, హైదరాబాదుకు తరలి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. పచ్చి మాంసం మంచి చెడ్డల మీద మాకు ఫిర్యాదేమీ లేదు. దాన్ని ఊరేసిన తర్వాత ఏమవుతుందో దాచడం మీదే ఫిర్యాదు.

ఆ మాంసాన్నే హామ్ చేస్తే 100 గ్రాములకు సోడియం 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాములకు చేరుతుంది, అంటే ఇరవై రెట్లు. సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది కాబట్టి అది దాదాపు మూడు గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ గీసిన గీత 5 గ్రాములు. భారతీయులు సగటున రోజుకు 8 గ్రాములు తింటున్నారని ఐ.సి.ఎం.ఆర్. సర్వే చెప్పింది. సాంబారుతో, ఊరగాయతో, అప్పడంతో ఎప్పుడో గీత దాటిన మనిషి పళ్లెంలో పడుతున్న మూడు గ్రాములు ఇవి. బేకన్ కథ ఇంకా విచిత్రం. పచ్చిగా ఉన్నప్పుడు అందులో ప్రోటీన్ 12, 13 గ్రాములే, కొవ్వు 40 గ్రాముల దరిదాపు. వేయించాక ప్రోటీన్ అంకె 35 దాకా ఎగబాకుతుంది. పెనం మీద ప్రోటీన్ ఏమీ పుట్టలేదు. నీళ్లూ కొవ్వూ కారిపోయి ముక్క కుంచించుకుపోయింది, అంతే. సోడియం కూడా అలాగే చిక్కబడి 1,700 దాటుతుంది. ఎండలో దండకట్టి ఆరేసిన ఉప్పుకండానికి కిలోకు ఎక్కువ బలమని చెప్పే మాటలోనూ ఉన్నది ఈ నీళ్ల లెక్కే.

ఇక నైట్రైట్. గులాబీ రంగు నిలవడానికీ, బాట్యులిజం తెచ్చే క్రిమి పెరగకుండా ఆపడానికీ దాన్ని కలుపుతారు. రెండోది ప్రాణం నిలిపే పనే, కాదనం. కానీ మాడేలా వేయించినప్పుడు అది మాంసంలోని అమైన్లతో కలిసి నైట్రోసమైన్లుగా మారుతుంది. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ, 10 దేశాల నుంచి 22 మంది నిపుణులను కూర్చోబెట్టి, నిలవచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు, అంటే ఒక సాసేజ్, తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. పొగాకూ ఆ వర్గంలోనే ఉంది. రెండిటి ముప్పూ సమానమని దానర్థం కాదు, సాక్ష్యం అంత గట్టిదని. ఆ నిర్వచనంలో ఉప్పు పట్టించి నిలవచేసిన మాంసమంతా పడుతుంది కనుక, నైట్రైట్ కలపం కాబట్టి మన ఉప్పుకండానికి ఏ దోషమూ అంటదని ఎవరూ చంకలు గుద్దుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు మోసానికి వద్దాం. ప్రోటీన్ అన్న మాటను ప్యాకెట్ ముందు బొటనవేలంత అక్షరాలతో వేయడానికి చోటుంటుంది. సోడియం మాత్రం వెనకవైపు, మడత కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అదైనా ఏ భాషలో? ఇంగ్లీషులోనో హిందీలోనో వేస్తే చట్టానికి చాలు. తమిళం వేస్తే వేసుకోవచ్చు, వేయకపోయినా అడిగేవాడు లేడు. తమిళంలో బడి చదువు, తెలుగులో ఇంటి మాట ఉన్న ఈ ఊరి మనిషి బి.పి. మాత్ర మింగి అంగడికి వెళ్లి ఆ వెనక అట్టను ఏమని చదవాలి? దానికి తోడు వడ్డన లెక్క. ఎన్ని గ్రాములు ఒక వడ్డనో కంపెనీయే నిర్ణయిస్తుంది. వడ్డన చిన్నదైన కొద్దీ సోడియం శాతమూ చిన్నదవుతుంది, తినేవాడి కడుపు మాత్రం చిన్నది కాదు. ఇవన్నీ చాలవన్నట్టు, 2022 ముసాయిదా తెచ్చిన పరిష్కారం నక్షత్రాలు! అర నక్షత్రం నుంచి ఐదు దాకా. ఆ లెక్కలో ఉప్పుకూ కొవ్వుకూ పడే చెడ్డ పాయింట్లలోంచి ప్రోటీన్‌కూ పీచుకూ వచ్చే మంచి పాయింట్లు తీసివేస్తారు. ప్రోటీన్ తిన్నంత మాత్రాన రక్తంలోంచి ఉప్పు తప్పుకుంటుందని ఏ డాక్టరు చెప్పాడు? ఆ నక్షత్రాలైనా నాలుగేళ్ల పాటు ఇష్టమున్నవాళ్లే వేసుకోవచ్చట. హెచ్చరిక చేయమంటే బహుమతులు పంచే పథకం రాసుకొచ్చారు. ఇది వినియోగదారుడికి ఇచ్చే సమాచారం కాదు, కంపెనీకి ఇచ్చే ఉచిత ప్రకటన.

మన తమిళనాడు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చున్న రాష్ట్రం కాదు. దేశమంతటికీ ఆహార కల్తీ చట్టం 1954లో వచ్చింది. అప్పట్లో మద్రాసు పేరుతో ఉన్న మన రాష్ట్రం తన కల్తీ నిరోధక చట్టాన్ని 1918లోనే చేసుకుంది. 1948లో మద్య నిషేధం రాష్ట్రమంతటా పెట్టింది. ఖజానాకు నష్టమని ఎందరు గొణిగినా మన ఊరి కుమారస్వామి రాజా ఏలుబడిలోనూ అది సడలలేదు. అలాంటి రాష్ట్రం 2021 నుంచి ‘మక్కళైత్ తేడి మరుత్తువం’ కింద బి.పి., షుగర్ మాత్రలను ఇంటి గుమ్మం దాకా తెచ్చి ఇస్తోంది. మంచి పని. అయితే మాత్ర గుమ్మంలోకి వచ్చేటప్పుడు ఉప్పు సంగతి ప్యాకెట్ వెనక దాక్కుని ఉండాలా? చిలీ 2016లో నల్లటి అష్టభుజి ముద్ర తెచ్చింది. ఇప్పుడక్కడ 100 గ్రాముల్లో సోడియం 400 మిల్లీగ్రాములు దాటిన ప్యాకెట్‌కు ఆ ముద్ర తప్పదు, ప్రోటీన్ ఎంతున్నా సరే.

ఇది మాంసాహారం మీద దాడి అనేవాళ్లున్నారు. పచ్చి మాంసం మీద ఒక్క గీత కూడా గీయమనడం లేదు. పచ్చళ్లలో, అప్పడాల్లో ఉప్పు లేదా అంటారు. ఉంది, వాటికీ ముద్ర వేయండి. కాకపోతే ఆవకాయను కండలు పెంచుతుందని చెప్పి ఎవరూ అమ్మడం లేదు. చిన్న వ్యాపారి నలిగిపోతాడన్నది మరో మాట; విడిగా అమ్మే ఉప్పుకండం, ఎండుచేప పక్కన సుద్దముక్కతో ఒక పలక రాసిపెట్టడానికి ఎవరూ నలిగిపోరు. రాజపాళయంలో బేకన్ తినేది ఎందరని నవ్వేవాళ్లకు ఒకటే జవాబు. అలవాటు పడ్డాక హెచ్చరించడం ఎంత కష్టమో పొగాకు దగ్గర చూశాం, అందుకే ముందే అడుగుతున్నాం.

అడిగేది ఇది. నక్షత్రాల లెక్క రద్దు కావాలి. 100 గ్రాముల ప్రమాణంతో, ముందు అట్ట మీద, తమిళంలో, ప్రోటీన్ మాట కన్నా పెద్ద అక్షరాల్లో ఉప్పు హెచ్చరిక ఉండాలి. నైట్రైట్ కలిపితే ఆ మాటా ముందే ఉండాలి. కేంద్రం కదిలేదాకా ఊళ్లోని సూపర్‌మార్కెట్లు ఫ్రీజర్ తలుపు మీద తమిళంలో, తెలుగులో ఉప్పు చీటీ అంటించాలి. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. అంటించని అంగడిలో ఆ సరుకు కొనకండి. విరుదునగర్ కలెక్టరేట్‌లో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం, మీ వీధి వాళ్ల సంతకాలు పెట్టించి పట్టుకురండి.