ఈ వయసులో బౌలింగా?

2025 నవంబరులో భారత మహిళల జట్టు ప్రపంచకప్ గెలిచినప్పుడు, ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన శ్రీచరణి మా కడప జిల్లా పిల్లేనని మురిసిపోయాం. 2022లో ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి భారత జట్టులోకి వచ్చినప్పుడూ అంతే. మురవాల్సిందే. మరి పెళ్ళితోనో, పిల్లలతోనో, పీహెచ్‌డీతోనో ఆట ఆగిపోయినవాళ్ళ సంగతేమిటి?

యూనివర్సిటీ జట్టుకి ఆఫ్ స్పిన్ వేసిన నేను పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ బంతి పట్టుకుందామని ఒక మైదానానికి వెళ్తే, "పాపను చేర్పించడానికొచ్చినారా మేడం?" అన్నారు. నాకు పాప లేదు. భుజం నొప్పి మాత్రం ఉంది.

ఆదివారం పొద్దున కర్నూలులో ఏ కాలేజీ మైదానమైనా చూడండి. బొజ్జలొచ్చిన గుమాస్తాలు, లెక్చరర్లు హాయిగా బౌలింగ్ చేస్తుంటారు. ఈ వయసులో ఎందుకని వాళ్ళనెవరూ అడగరు. ఆ పూట ఇంట్లో టిఫిన్ ఎవరు చేస్తున్నారనీ అడగరు.

2013లో పదహారేళ్ళకే భారత్‌కి ఆడిన విశాఖ బ్యాటర్ స్నేహ దీప్తి, తల్లయ్యాక తిరిగొచ్చి 2023లో మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ జట్టులో చేరింది. అద్భుతం అన్నాం. అలా అనేస్తే మిగతావాళ్ళకి దారెందుకు లేదో చెప్పాల్సిన పని తప్పుతుంది మరి.

మనం రాసేవాళ్ళమూ తక్కువ తినలేదు. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ కలం పట్టే స్త్రీ మన కథల్లో ఉంది. బంతి పట్టే స్త్రీ ఏదీ? సీమ కథ అనగానే కరువూ, కక్షలూ, నీళ్ళ బిందె. బిందె మోసిన భుజానికి ఆట అక్కర్లేదని ఎవరు తీర్మానించారు?

కడపలో క్రికెట్ స్టేడియం ఉంది. వారానికో పూట ముప్పై దాటిన ఆడవాళ్ళకివ్వండి, ఒక లీగు పెట్టండి. ఆరు ఓవర్ల మ్యాచ్‌లైనా సరే.