ఆయన మహిమ బరువెంత?





'యేసయ్యకు మహిమ' అని మనం రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. పాటలో అంటాము, ప్రార్థన ముగింపులో అంటాము, సాక్ష్యం చెప్పి కూర్చుంటూ అంటాము. అయితే మహిమ అనగా ఏమిటి అని ఎవరైనా నిలదీసి అడిగితే మనలో చాలామంది తడబడతాము. వెలుగు అని కొందరు, ఘనత అని కొందరు, పొగడ్త అని కొందరు చెబుతారు. ఈ నెల ఆ ఒక్క మాటను పట్టుకొని, అది యేసుప్రభువుకు ఎందుకు చెందుతుందో, ఎంత చెందుతుందో కలిసి ధ్యానించుదము.

పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో మహిమకు వాడిన మాట 'కాబోద్'. దాని మూలార్థం బరువు. మా ఆర్మూరు విశ్వాసులకు ఈ సంగతి వివరించడం సులువు. జూన్‌లో నాటిన పసుపును జనవరి మొదలుకొని తవ్వుతారు. ఉడకబెట్టి, కల్లంలో ఆరబెట్టి, డ్రమ్ములో వేసి రుద్ది, సంచులకెత్తి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలుతారు. కొనేవాడు సంచి మీది రంగు చూసి ఊరుకోడు. ఒక కొమ్ము తీసి విరుస్తాడు. టక్కున విరిగిందా, లోపల రంగు ఉందా అని చూస్తాడు. ఆ తరువాత కాంటా. కాంటా ముందు పొగడ్త పనిచేయదు. ఉన్న బరువే ఉంటుంది.

దేవుని మహిమ అనగా అటువంటిదే. మనం పొగిడితే పెరిగేది కాదు, పొగడకపోతే తరిగేది కాదు. దేవుడు నిజముగా ఏమైయున్నాడో అదే ఆయన మహిమ, అదే ఆయన బరువు.

మరి ఎవరికీ ఇవ్వని మహిమ

యెషయా గ్రంథంలో దేవుడు ఒక సంగతి ఖండితంగా చెప్పాడు. తన మహిమను మరి ఎవరికీ ఇవ్వనన్నాడు (యెషయా 42:8). ఇందులో దాపరికం లేదు, మినహాయింపు లేదు. అయితే యేసుప్రభువు సిలువకు వెళ్ళే ముందు రాత్రి చేసిన ప్రార్థన చూడండి. లోకము పుట్టకముందే తండ్రి యొద్ద తనకు ఉన్న మహిమతో తనను మహిమపరచుమని ఆయన అడిగాడు (యోహాను 17:5). ఈ రెండు వచనాలను ప్రక్కప్రక్కన పెట్టి చదవండి. యేసు కేవలం ఒక ప్రవక్త అయితే, ఒక గొప్ప బోధకుడు అయితే, ఆ ప్రార్థన దేవదూషణ అవుతుంది. ఆయన దేవుడైతేనే అది కుమారుడు తండ్రితో మాట్లాడిన మాట అవుతుంది. మూడో దారి లేదు.

అదే యెషయా గ్రంథంలో ప్రతి మోకాలు తన యెదుటనే వంగునని యెహోవా ప్రమాణం చేశాడు (45:23). పౌలు ఫిలిప్పీయులకు వ్రాస్తూ ఆ మాటనే తీసుకొని యేసు నామమునకు అన్వయించాడు (2:10). పౌలు యూదుడు, ధర్మశాస్త్రం నేర్చినవాడు. ఒక్కడే దేవుడని చిన్ననాటినుండి ఒప్పుకొన్నవాడు. అటువంటివాడు తెలియక ఆ మాట వ్రాయలేదు.

ఇంకొక సంగతి గమనించండి. కొర్నేలీ తన పాదాల మీద పడితే పేతురు అతణ్ణి లేవనెత్తి, తానూ మనుష్యుడనేనన్నాడు (అపొ. కార్య. 10:26). లుస్త్రలో జనులు బలి అర్పించబోతే పౌలు బర్నబాలు బట్టలు చింపుకొన్నారు (14:14). ప్రకటన గ్రంథంలో దూత సయితం యోహాను నమస్కారాన్ని వద్దన్నాడు (22:9). పుట్టుగ్రుడ్డివాడు మ్రొక్కినప్పుడు గాని, తోమా తనను ప్రభువని, దేవుడని పిలిచినప్పుడు గాని యేసు మాత్రం వద్దనలేదు. ఎక్కువ ఇచ్చుచున్నావని తోమాను గద్దించలేదు. మంచి మనుష్యులు కాదన్న దానిని, దూతలు కాదన్న దానిని ఆయన స్వీకరించాడు. అది ఆయనదే గనుక స్వీకరించాడు.

'ఆదిసంభూతుడు' అనగా?

మా సంఘంలో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటున్నది. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 1:15లో ప్రభువు సర్వసృష్టికి ఆదిసంభూతుడని ఉన్నది గదా, అలాగైతే ఆయన కూడా మొదట సృష్టింపబడినవాడేనా అని అడుగుతారు. ఇంటింటికి తిరిగి అలాగే బోధించేవారు కూడా ఉన్నారు గనుక జవాబు తెలిసి ఉండుట మంచిది.

89వ కీర్తన 27వ వచనం చూడండి. అక్కడ దేవుడు దావీదును జ్యేష్ఠునిగా చేస్తానన్నాడు. దావీదు యెష్షయి కుమారులలో అందరికంటె చిన్నవాడు, ఎనిమిదవవాడు. చిన్నవాడు జ్యేష్ఠుడెట్లా అవుతాడు? అక్కడ జ్యేష్ఠుడనగా ముందు పుట్టినవాడని కాదు, రాజులందరికంటె పై స్థానం పొందినవాడని. కొలొస్సయులలోనూ అదే భావం. తరువాతి వచనమే చదవండి. సర్వమును ఆయనయందు, ఆయన ద్వారా, ఆయన కొరకే సృజింపబడినదని పౌలు వ్రాస్తున్నాడు. సమస్తమును చేసినవాడు చేయబడినవాటిలో ఒకడు ఎట్లా అవుతాడు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. అలెగ్జాండ్రియ సంఘంలో పెద్దగా ఉన్న ఆరియస్ నాలుగవ శతాబ్దపు ఆరంభంలోనే కుమారుడు సృష్టింపబడినవాడని బోధించాడు. అది సంఘాలను కుదిపివేసింది. క్రీ.శ. 325లో నికయ పట్టణంలో, అనగా నేటి టర్కీ దేశంలోని ఇజ్నిక్‌లో, బిషప్పులు సమావేశమై కుమారుడు తండ్రితో ఏకస్వభావము గలవాడని ఒప్పుకొన్నారు. దానికి 2025తో 1700 సంవత్సరాలు నిండాయి. సంస్కారపు ఆరాధనలో మనం చెప్పే నికయ విశ్వాస ప్రమాణానికి మూలం అదే. ఆ సత్యం కొరకు నిలిచిన అతనాసియస్ ఐదుసార్లు తన స్థానం నుండి వెళ్ళగొట్టబడ్డాడు. ఒక్క మాట కొరకు అంత శ్రమ ఎందుకు? ఎందుకనగా సృష్టింపబడినవాడు సృష్టిని రక్షించలేడు. మునిగిపోయేవాణ్ణి మునిగిపోయేవాడే పట్టుకుంటే ఇద్దరూ మునుగుతారు. సిలువ మీద ఉన్నది దేవుడు కాకపోతే మన పాపము ఇంకా మన మీదనే ఉన్నది.

మెదకు కిటికీలు చెప్పే పాఠం

మహిమ అనగానే మన కళ్ళకు సింహాసనం, కిరీటం కనబడతాయి. దేవుని కుమారుని మహిమ మాత్రం మరొక దారిన మనయొద్దకు వచ్చింది. క్రిస్మస్‌కు మెదకు గుడికి వెళ్ళినవారు మీలో చాలామంది ఉంటారు. 175 అడుగుల ఆ గోపురం దూరం నుండే కనబడుతుంది. మెథడిస్టు మిషనరీ చార్లెస్ పోస్నెట్ దొరగారి ఆధ్వర్యంలో 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పని చూపించి జనానికి అన్నం పెట్టిన కట్టడమది. అయితే ఎత్తును గాక, లోపలి రంగుటద్దాల కిటికీలను చూడుమని మేము మా యౌవనస్థులకు చెబుతాము. అవి మూడు. ఒకటి ప్రభువు జననం, ఒకటి సిలువ, ఒకటి ఆరోహణం.

ఆ మూడింటిని ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయంతో కలిపి చూడండి. దేవునితో సమానుడైనవాడు దాసుని రూపం ధరించి దిగివచ్చాడు. సిలువ మరణం వరకు లోబడ్డాడు. అందుచేత దేవుడు ఆయనను అధికముగా హెచ్చించాడు. పశువుల తొట్టి ఒక చోట, మహిమ మరొక చోట లేవు. యోహాను సువార్తలో ప్రభువు తన మరణపు గడియనే తాను మహిమ పొందే గడియ అన్నాడు (12:23). కొమ్ము విరిచినప్పుడే గదా లోపలి రంగు తెలిసేది. నలుగగొట్టబడిన ఆ దేహంలో దేవుని ప్రేమ ఎంతటిదో బయటపడింది. దిగివచ్చినందువల్ల ఆయన బరువు తగ్గలేదు. ఆయన ఎవరో మనకు తెలిసింది అక్కడే.

ఆ కిటికీల విషయంలో ఇంకొక మాట. పగలు వెలుగు బయటనుండి పడితేనే ఆ బొమ్మలు లోపలివారికి కనబడతాయి. చీకటి పడితే అద్దం అక్కడే ఉంటుంది, బొమ్మ కనబడదు. క్రీస్తు మహిమ కూడా పరిశుద్ధాత్మ వెలిగిస్తేనే మన హృదయానికి కనబడుతుంది (2 కొరింథీ. 4:6). కనబడనంత మాత్రాన ఆ మహిమ లేకుండా పోదు.

ధర పడిపోయినప్పుడు

ఇప్పుడు కష్టమైన మాటకు వద్దాము. కొన్నేళ్ళు మా ప్రాంతంలో పసుపు ధర క్వింటాలు ఐదారు వేల దగ్గరే తిరిగింది. ఆ బాధతోనే 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 170 మందికి పైగా రైతులు పోటీలో నిలిచారు. ఆ రోజుల్లో మా సంఘంలోని ఒక సహోదరి మమ్మల్ని అడిగింది. "అయ్యగారూ, ఇంటిల్లిపాది ఉపవాసముండి ప్రార్థన చేసినం. ధర రాలేదు, అప్పు తీరలేదు. యేసయ్య అందరికంటె పెద్ద దేవుడని మీరే చెప్తరు. మరి మాకు గిట్లెందుకైంది?"

మేము ఆమెకు పెద్ద ప్రసంగం చేయలేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాము. "అమ్మా, యార్డులో బోర్డు మీద వ్రాసే ధరను బట్టి మన ప్రభువు గొప్పవాడో కాదో తేలితే, ఆయన మహిమ ప్రతి సీజనుకు మారవలసి వస్తుంది. ధర వచ్చిన యేడు దేవుడు, రాని యేడు దేవుడు కాదు అవుతాడు. సిలువ మీద తన కుమారునికే ధర రాని దినమున తండ్రి దేవుడుగానే ఉన్నాడు. మూడవ దినమున ఆ సంగతి తెలిసింది. ఇప్పుడు నీవున్నది ఆ రెండు దినముల మధ్య."

ఆమె వెంటనే సంతోషించిందని మేము చెప్పము. కన్నీళ్ళు తుడుచుకొని వెళ్ళిపోయింది. అప్పు ఆ యేడు తీరలేదు. ఆదివారం మాత్రం మానలేదు. మరుసటి యేడు తవ్వకాలకు మా యౌవనస్థులు కొందరు కూలి తీసుకోకుండా ఆమె చేనికి వెళ్ళారు. ఒకరి భారములు ఒకరు మోయుడని పౌలు నేర్పింది అదే గదా (గలతీ. 6:2). తరువాత 2024లో ధర క్వింటాలుకు పదిహేను వేలు దాటింది. 2025లో పసుపు బోర్డు నిజామాబాదుకు వచ్చింది. సంతోషమే. అయితే ఆ ధర ప్రార్థన చేసినవారికీ వచ్చింది, చేయనివారికీ వచ్చింది. వర్షం ఇద్దరి చేల మీదా కురిపించే తండ్రి ఆయన. ఆయన ఇచ్చే వాటిని బట్టి కాదు, ఆయనను బట్టి ఆయనను ఆరాధించడం నేర్చుకోవాలి.

మనము గొప్పవారము కాము

చివరిగా ఒక హెచ్చరిక. యేసు సర్వోన్నతుడు అని ఒప్పుకొన్నవారు తామే ఇరుగుపొరుగు వారికంటె ఉన్నతులమని అనుకొనే ప్రమాదం ఉన్నది. ఆర్మూరు నుండి హైదరాబాదు రోడ్డున వెళ్తే డిచ్‌పల్లి వస్తుంది. డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రిని స్థాపించారు. ఊరు వెలివేసినవారిని వారు చేర్చుకొన్నారు. ఆ పనికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చినవారు రాజా నర్సాగౌడ్ గారు. ఆయన హైందవుడు. కెర్ దంపతులు క్రీస్తును అందరికంటె పైన పెట్టారు గనుకనే అందరికంటె క్రింద ఉన్నవారి పుండ్లు కడిగారు. ఆయన మహిమను చూసినవాని చేతులు అటువంటి పనికే పోతాయి, పొరుగువానిని తక్కువ చేయడానికి పోవు.

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో ఒక సాయంత్రం కుటుంబమంతా కూర్చొని ఒక ప్రశ్న వేసుకొనండి. మన ఇంటి నిర్ణయాల్లో దేనికి ఎక్కువ బరువున్నది? పిల్ల పెళ్ళి మాట్లాడేటప్పుడు కట్నానికా, ప్రభువుకా? అన్నదమ్ములు పొలం పంచుకొనేటప్పుడు గట్టుకా, ప్రభువుకా? తూకం వేసేటప్పుడు లాభానికా, ప్రభువుకా? ఆయన ఒక ప్రక్కన పెట్టవలసిన అదనపు దేవుడు కాడు. అన్నిటిలో ఆయనకే ప్రాముఖ్యత ఉండాలని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మనకు బోధిస్తున్నది (1:18).

పౌలు తన శ్రమలను, రాబోయే మహిమను ఒకే త్రాసులో పెట్టి చూశాడు (2 కొరింథీ. 4:17). దెబ్బలు, చెరసాలలు, ఆకలి ఒక వైపు. క్రీస్తు మహిమ మరొక వైపు. శ్రమల తట్ట తేలిపోయిందని ఆయన సాక్ష్యం. అప్పులో ఉన్న సహోదరీ, మంచం పట్టిన సహోదరుడా, మీ భారం చిన్నదని మేము చెప్పడం లేదు. ఆయన దానికంటె బరువైనవాడని చెబుతున్నాము.

ఆ మహిమగల ప్రభువు మీ గృహములలో మొదటి స్థానము వహించి, మీకు తోడైయుండును గాక. ఆమేన్.