కంప్యూటరు కొనేముందు కాసిని లెక్కలు



మీ ఉత్తరాలు అందినవి. వాటిలో ఒకదానికి ఈ నెల నా పేజీ అంతా ఇస్తున్నాను. రాసింది పదో తరగతి అమ్మాయి. వాళ్ళ నాన్నగారు బట్టలు కుడతారు. ఇంట్లో 2014లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటరు ఒకటి ఉన్నది. మీట నొక్కి వెళ్ళి, వీధి కుళాయిలో రెండు బిందెలు పట్టి వచ్చినా అది ఇంకా సిద్ధం కాదట. దుకాణంలో చూపిస్తే, "దీన్ని పాతసామాన్లవాడికి వేసి కొత్తది కొనుక్కోండి" అన్నారట. నాన్నగారు చీటీ పాడి కొనడానికి సిద్ధపడ్డారు. "కాని మాస్టారూ, ఆ చీటీ నేను ఇంటరులో చేరడానికని కడుతున్నది. కంప్యూటరూ కావాలి, చదువూ కావాలి. ఏం చేయమంటారు?" అని ఆ అమ్మాయి అడుగుతున్నది.

మంచి ప్రశ్న. దీనికి "కొను" అనో, "కొనవద్దు" అనో ఒక్క ముక్కలో చెబితే సరిపోదు. ముందు ఆ పెట్టెలో ఏం జరుగుతున్నదో చూద్దాం. తరువాత జవాబు మీరే చెప్పగలరు.

వంటాయన, బల్ల, కొట్టుగది

పెళ్ళివారి వంటశాల మీరు చూసే ఉంటారు. వంటాయన పొయ్యి దగ్గర ఉంటాడు. ఆయన పక్కన ఒక బల్ల. అప్పటికి కావలసిన కూరలు, పోపు గింజలు, నూనె దాని మీద ఉంటాయి. మిగతా బస్తాలూ డబ్బాలూ దూరంగా కొట్టుగదిలో ఉంటాయి. ఒక కుర్రవాడు అటూ ఇటూ తిరుగుతూ అందిస్తుంటాడు.

కంప్యూటరులో వంటాయన ప్రాసెసరు. లెక్కలన్నీ చేసేది అదే. బల్ల ర్యాము. అప్పటికప్పుడు వాడుకుంటున్న సమాచారం దాని మీద ఉంటుంది. కరెంటు పోతే ఆ బల్ల తుడిచిపెట్టినట్టే. కొట్టుగది డిస్కు. కరెంటు లేకపోయినా మీ పాఠాలు, ఫొటోలు అక్కడ చెక్కుచెదరకుండా ఉంటాయి. వీటన్నిటినీ కలిపి ఉంచేది మదర్‌బోర్డు. ఇక పొయ్యికి మంటలాగా అన్నిటికీ కరెంటు అందించేది ఎస్.ఎం.పి.ఎస్. అది గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏ.సి. కరెంటును 12, 5, 3.3 వోల్టుల డి.సి. కరెంటుగా మార్చి పంచుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. వంటాయన ఎంత చెయ్యి తిరిగినవాడైనా, కొట్టుగది నుంచి సామాను తెచ్చే కుర్రవాడు నత్తనడక నడిస్తే ఏమవుతుంది? ఆయన గరిటె పట్టుకుని కూర్చోవలసిందే గదా! బల్ల మరీ చిన్నదైతే? ఒక డబ్బా పెట్టాలంటే ఇంకొక డబ్బాను కొట్టుగదికి పంపాలి. అది మళ్ళీ కావాలంటే మళ్ళీ తెప్పించాలి. అప్పుడు వంటకన్నా మోత ఎక్కువవుతుంది. ర్యాము చాలని కంప్యూటరు పడే అవస్థ ఇదే.

ఒక చిన్న లెక్క

ఒక కంప్యూటరు సిద్ధం కావడానికి 60 సెకండ్లు పడుతున్నదనుకుందాం. అందులో 45 సెకండ్లు డిస్కు కోసం కాచుకోవడం, 10 సెకండ్లు ప్రాసెసరు పని, 5 సెకండ్లు మిగతా పనులు.

ఒకాయన చాలా డబ్బు పోసి, రెండింతల వేగం గల ప్రాసెసరు వేయించాడు. 10 సెకండ్ల పని 5 సెకండ్లలో అయింది. మొత్తం ఎంత? 55 సెకండ్లు. అంత డబ్బుకూ మిగిలింది 5 సెకండ్లు!

ఇంకొకాయన ప్రాసెసరు జోలికి పోకుండా, పదింతల వేగం గల డిస్కు వేయించాడు. 45 సెకండ్లు నాలుగున్నర అయినాయి. మొత్తం పందొమ్మిదిన్నర సెకండ్లు. పని మూడోవంతు కాలంలో ముగిసింది.

పనిలో ఒక భాగాన్ని ఎంత వేగం చేసినా, మిగిలిన భాగానికి పట్టే కాలం అలాగే ఉంటుంది. ఈ సంగతిని 1967లో జీన్ ఆమ్డాల్ అనే అమెరికా ఇంజనీరు కంప్యూటర్ల విషయంలో ఎత్తి చూపించాడు. అందుకే దీన్ని ఆమ్డాల్ సూత్రం అంటారు. మన రైతులకు ఇది కొత్త కాదు. చెరువు ఎంత పెద్దదైనా, పొలానికి నీళ్ళు తూములో పట్టినంతే వస్తాయి. చెరువును ఇంకా తవ్వించినందువల్ల లాభం లేదు. ఇరుకుగా ఉన్న తూమును వెడల్పు చేయించాలి.

డబ్బు తక్కువగా ఉన్నవాడు మొట్టమొదట వెతకవలసింది ఆ తూమునే.

డిస్కు ఎందుకు నెమ్మది?

పాత కంప్యూటర్లలో ఉండేది హార్డు డిస్కు. లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు గిరగిర తిరుగుతుంటాయి. వాటి మీద అయస్కాంతపు గుర్తులుగా సమాచారం ఉంటుంది. ఒక చిన్న చెయ్యి జరుగుతూ దాన్ని చదువుతుంది. మొదటి హార్డు డిస్కును 1956లో ఐ.బి.ఎం. కంపెనీ ర్యామాక్ అనే యంత్రంతోపాటు తెచ్చింది. 24 అంగుళాల వెడల్పు గల పళ్ళేలు 50 ఉండేవి అందులో. అన్నీ కలిసి దాచుకున్నది 50 లక్షల అక్షరాలు. సుమారుగా ఇప్పుడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అంత!

ఇప్పటి డెస్క్‌టాప్ హార్డు డిస్కు సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 సార్లు. ఒక చుట్టుకు 8 మిల్లీసెకండ్ల పైచిలుకు. కావలసిన చోటు చెయ్యి కిందికి రావడానికి సగటున అర చుట్టు తిరగాలి గదా, అది 4 మిల్లీసెకండ్లు. చెయ్యి సరైన వరుసకు జరగడానికి ఇంకొక 8 లేక 9. మొత్తం 12, 13 మిల్లీసెకండ్లు. ఈ లెక్కన సెకనుకు సుమారు 80 పిలుపులకు మాత్రమే అది బదులు పలకగలదు. కంప్యూటరు లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళు కావాలి. ఇక ఆలస్యం కాక ఏమవుతుంది?

ఎస్.ఎస్.డి. అనేదానిలో తిరిగే పళ్ళెమూ లేదు, జరిగే చెయ్యీ లేదు. సమాచారమంతా చిప్పులలో ఉంటుంది. ఒక పిలుపుకు మిల్లీసెకనులో పదో వంతు చాలు. పాత కంప్యూటరుకు ఎస్.ఎస్.డి. వేస్తే కొత్త ప్రాణం వచ్చినట్టుండడానికి కారణం ఇదే.

అన్నీ అన్నిటికీ అమరవు

ఒక కంపెనీ బోర్డులో ఇంకొక కంపెనీ ర్యాము ఎలా పని చేస్తున్నది? 1981లో ఐ.బి.ఎం. తన చిన్న కంప్యూటరును తెచ్చినప్పుడు దాని కట్టడం వివరాలు అచ్చువేసి అందరికీ తెలియజేసింది. దాంతో ఎన్నో కంపెనీలు దానికి అమరే భాగాలు తయారు చేశాయి. కొలతలు అందరూ ఒప్పుకున్నవి కాబట్టే మనం ఒక్కొక్క భాగమూ వేరుగా కొనుక్కోగలుగుతున్నాం.

అయితే కాలంతోపాటు కొలతలూ మారాయి. ర్యాములో డి.డి.ఆర్.3 రకం 2007లో, డి.డి.ఆర్.4 రకం 2014లో వచ్చాయి. ఆ తరువాత డి.డి.ఆర్.5 వచ్చింది. ఒక్కొక్క రకానికి కింది అంచున గాటు ఒక్కొక్క చోట ఉంటుంది. ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. బలవంతంగా నొక్కితే రెండూ పోతాయి.

ప్రాసెసరు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇంటెల్ కంపెనీ 2015లో తెచ్చిన 1151 అనే సాకెట్టు పేరునే 2017లో వచ్చిన ఎనిమిదో తరం ప్రాసెసర్లకు కూడా పెట్టింది. కాని ఆ ప్రాసెసర్లు 2015 నాటి బోర్డులలో పని చేయవు. పేరు ఒకటైనంత మాత్రాన సరిపోదన్నమాట. బోర్డు తయారుచేసిన కంపెనీ, ఏ ఏ ప్రాసెసర్లు తన బోర్డులో పని చేస్తాయో పట్టీ ఇస్తుంది. ఆ పట్టీ చూడనిదే డబ్బు ఇవ్వకూడదు.

ఆ అమ్మాయికి నా సలహా

కంప్యూటరు వివరాలన్నీ ఆ అమ్మాయి రాసి పంపింది. ఇంటెల్ ఐ3 నాలుగో తరం ప్రాసెసరు, 4 జి.బి. డి.డి.ఆర్.3 ర్యాము, 500 జి.బి. హార్డు డిస్కు. ర్యాముకు ఇంకొక స్లాటు ఖాళీగా ఉన్నదట. కావలసిన పనులు: పాఠాలు రాసుకోవడం, వీడియో పాఠాలు చూడడం, పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాయడం.

అమ్మాయీ, ముందు తూమును పట్టుకో. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు తెరుచుకుంటుంది. కంప్యూటరు మొరాయిస్తున్నప్పుడు అందులో చూడు. ప్రాసెసరు 20 శాతం దగ్గర తీరిగ్గా ఉండి, డిస్కు 100 శాతం దగ్గర రొప్పుతున్నదా? అయితే తప్పు వంటాయనది కాదు. ర్యాము కూడా నిండిపోయి ఉంటే, బల్ల కూడా చాలడం లేదని అర్థం.

అలా ఉన్న పక్షంలో కొనవలసినవి రెండే: 240 జి.బి. ఎస్.ఎస్.డి. ఒకటి, 4 జి.బి. డి.డి.ఆర్.3 ర్యాము ఒకటి. ఎస్.ఎస్.డి. "సాటా" రకమే అడగాలి. నీ పాత బోర్డుకు తగినది అదే. పాత హార్డు డిస్కును పారవేయవద్దు. ఫొటోలు దాచుకోవడానికి పనికివస్తుంది. ఏ పనీ మొదలుపెట్టకముందే ముఖ్యమైనవాటికి వేరేచోట నకలు తీసి పెట్టుకో. ఈ రెండింటికీ అయ్యేది కొత్త కంప్యూటరు ధరలో చిన్న భాగం. చీటీ ముట్టనక్కరలేదు.

ఇంకొక సంగతి. విండోస్ 10కు కంపెనీవారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంత పాత ప్రాసెసరును అంగీకరించదు. కాబట్టి లినక్స్ వేయించుకో. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి మొదలుపెట్టిన ఈ పద్ధతి ఉచితం. నువ్వు చెప్పిన మూడు పనులూ దానిలో చక్కగా సాగుతాయి.

అయితే ఈ మందు అన్ని రోగాలకూ పనికిరాదు. మదర్‌బోర్డే పాడైతే అంత పాతదాని మీద డబ్బు పోయడం దండుగ.

కొత్తగా కట్టించుకునేవారికి

ఇంట్లో కంప్యూటరే లేనివారు ముందు ఒక కాగితం మీద, ఏ పనికి కావాలో రాయండి. చదువుకూ, ఉత్తరాలకూ అయితే వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. బొమ్మ చూపించే శక్తి తనలోనే ఉన్న ప్రాసెసరు తీసుకుంటే చాలు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర "ఎఫ్" అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే దానిలో ఆ శక్తి లేదని గుర్తు. అది చవకగా దొరికిందని కొంటే, తరువాత కార్డుకు అంతకన్నా ఎక్కువ పెట్టాలి.

ర్యాముకు ఖాళీ స్లాటు మిగిలేలా బోర్డు చూడండి. రేపు డబ్బు సమకూరినప్పుడు ఇంకొకటి వేసుకోవచ్చు.

ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర మాత్రం పీనాసితనం చేయకండి. అది చెడితే తాను ఒక్కటే పోదు; ఒక్కొక్కసారి మిగతా భాగాలను కూడా తీసుకుపోతుంది. పేరున్న కంపెనీది, "80 ప్లస్" గుర్తు ఉన్నది తీసుకోండి. పిల్లలూ, ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్గు పీకిన తరువాత కూడా దాని లోపల కరెంటు నిలవ ఉంటుంది.

రంగురంగుల దీపాలు వెలిగే కేబినెట్టు చూసి మోసపోకండి. పైన పటారం, లోన లొటారం! ఆ దీపాల డబ్బు ఎస్.ఎం.పి.ఎస్.కు పెట్టండి.

పెద్దలకు ఒక మాట. ధరలు నెలనెలా మారుతుంటాయి. 2025 చివరలో ర్యాము ధరలు ఒక్కసారిగా పెరిగిపోయినాయి. అందుచేత నేను రూపాయలలో చెప్పడం లేదు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళినా, మీ ఊరి దుకాణానికి వెళ్ళినా, భాగాల పట్టీ ముందుగా రాసుకుని కనీసం మూడుచోట్ల అడగండి. ప్రతి భాగం పేరూ, నంబరూ బిల్లు మీద రాయించుకోండి. ఆ పట్టీ మీ పిల్లల చేతే రాయించండి. ఇంటి డబ్బు ఎలా ఖర్చవుతున్నదో తెలిసిన పిల్లలు వస్తువును జాగ్రత్తగా చూసుకుంటారు.

ఈ నెల లెక్క

ఒక కంప్యూటరులో ఒక సినిమా ముక్కను కూర్చి సిద్ధం చేయడానికి 100 నిమిషాలు పడుతున్నది. అందులో 80 నిమిషాలు ప్రాసెసరు పని, 10 నిమిషాలు డిస్కు పని, 10 నిమిషాలు మిగతా పనులు. ప్రాసెసరును రెండింతల వేగం చేస్తే ఎంత సేపు పడుతుంది? డిస్కును పదింతల వేగం చేస్తే ఎంత సేపు? ఇక్కడ తూము ఏది? ఎస్.ఎస్.డి. వేస్తే చాలునని ఎవరైనా ఈ కంప్యూటరు యజమానికి చెబితే మీరేమంటారు?

దానితోపాటు మీ ఇంట్లోదో, బడిలోదో ఒక కంప్యూటరు సిద్ధం కావడానికి ఎన్ని సెకండ్లు పడుతున్నదో గడియారం పెట్టి చూసి రాయండి. జవాబులు వచ్చే నెల కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు