ముందు ‘ఏమైంది’ అని అడగండి



కొల్లేటి లంక ఊరు ఒకదాన్నుంచి ఓ చెల్లెలు ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దంది కనుక వెయ్యడం లేదు. రొయ్యల షెడ్డుకి పనికి వెళ్ళే పద్నాలుగు మంది ఆడవాళ్ళ బ్యాచికి తనే పెద్ద. పొద్దున్నే ఆటో మాట్లాడటం, ఎవరు తలలు తియ్యాలో ఎవరు పొట్టు ఒలవాలో చూడటం, సాయంత్రం కాటా దగ్గర నిలబడి లెక్క రాయించడం అన్నీ తన మీదే. “ఇదివరకు నవ్వుకుంటూ వెళ్ళి నవ్వుకుంటూ వచ్చేవాళ్ళం అక్కా. ఇప్పుడు ఆటోలో ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. పని తగ్గితే నా వాళ్ళకే రోజులిస్తున్నానంటారు. ఒలిచిన సరుకు బాగోలేదని వెనక్కొస్తే నేను కాదంటే నేను కాదంటారు. ఏం చెయ్యమంటావు?” అని అడిగింది.

ఆకివీడులో ఉంటూ ఈ బాధ తెలియదంటే ఎవరైనా నవ్వుతారు. మావైపు చెరువో, మేతో, ఐసో, షెడ్డో ఏదో ఒకటి పట్టుకుని బతికే ఇళ్ళే ఎక్కువ. 1994లో తెల్లమచ్చ జబ్బొచ్చి టైగరు రొయ్య తుడిచిపెట్టుకుపోయిన సంగతి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2009లో వనామికి అనుమతి వచ్చాక మళ్ళీ కళ తిరిగింది. 2020 మార్చిలో లాక్‌డౌను. 2025 ఆగస్టు ఆఖర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. మన రొయ్యకి పెద్ద బేరం ఆ దేశమే. అక్కడెవరో సంతకం పెడితే ఇక్కడ లంకలో ఆడమనిషికి రేపు పనుందో లేదో తెలియదు.

అనుమానాలు పుట్టేది అలాంటప్పుడే. గిన్నె నిండా ఉన్నప్పుడు ఎవరెంత వడ్డించుకున్నారో ఎవరూ చూడరు. అడుగంటాక గరిటె చప్పుడు కూడా వినిపిస్తుంది. కాబట్టి నీ బ్యాచి చెడ్డదైపోయిందని అనుకోకమ్మా.

నాకు షెడ్డు పని రాదు, డ్వాక్రా సంఘం తెలుసు. పదిమంది, పదిహేనుమంది ఆడవాళ్ళు కూడితే సంఘం. పంచసూత్రాలని మనకి నేర్పారు గుర్తుందా? క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు ఇచ్చుకోవడం, తీర్చడం, పుస్తకాలు రాయడం. అయిదూ మంచివే గానీ, నన్నడిగితే అయిదోది లేకపోతే మిగతా నాలుగూ నిలబడవు. మా సంఘంలో డబ్బు అందరి మధ్యా చాప మీద లెక్కపెడతాం. పుస్తకం పైకి చదువుతాం. చదువు రానివాళ్ళు తమ పేరు ఎదుట ఎంతుందో నోటితో తిరిగి చెప్పాలి. మొదట్లో ఇదేదో బడిలా ఉందని విసుక్కున్నారు. తరవాత వాళ్ళే చదివేవాళ్ళ తప్పులు పట్టుకోవడం మొదలుపెట్టారు!

లాక్‌డౌనులో బ్యాంకులు వాయిదాలకి ఆగస్టు దాకా గడువిచ్చాయి. మాలో మేం ఇచ్చుకున్న అప్పుల సంగతో? పనుల్లేవు, చేతిలో రూపాయి లేదు. అప్పుడు ఒక్కటే అనుకున్నాం. కట్టలేనివాళ్ళు వాయిదా రోజుకి ముందే చెప్పాలి, ఎప్పటికి ఎంత ఇవ్వగలరో చెప్పి రాయించుకోవాలి. ఒకావిడ మొహం చెల్లక రావడం మానేసింది. ఇద్దరం వెళ్ళాం. డబ్బు ఊసెత్తలేదు, ఏమైందని అడిగాం. ఇంటాయనకి జ్వరం, మందులకి పుస్తెలు తాకట్టు పెట్టిందట. నెలకి వంద చొప్పున రాసుకున్నాం. ఆలస్యమైనా ఆఖరి వంద దాకా కట్టింది.

ఇదే పదిమంది పూచీ ఇంకోరకంగా కూడా చూశాం కదా. మైక్రో ఫైనాన్సు వాళ్ళ అప్పులకీ గుంపే హామీ. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళని ఆ ఇంటి ముందు కూర్చోబెట్టేవారు. పక్కింటి వదినే నోటికొచ్చినట్టు తిట్టేది, లేకపోతే తనకి అప్పు పుట్టదు మరి. ఊళ్ళొదిలిపోయినవాళ్ళున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఇళ్ళ మీదపడి వసూలు చెయ్యడం ఆపించింది. మనుషులు వాళ్ళే, పూచీ అదే. కానీ ఆ పుస్తకం మన చేతిలో లేదు, ‘ఏమైంది’ అని అడిగే నాథుడూ లేడు. కట్టావా లేదా, అంతే.

ఇక నీ సంగతి చెల్లీ. రేపటి పని గురించి నీకు తెలిసింది తెలిసినట్టు రాత్రే చెప్పు, తెలియంది తెలియదనే చెప్పు. ధైర్యం కోసం అబద్ధం చెప్పకు, రెండోసారి ఎవరూ నమ్మరు. ఒక నోటుపుస్తకంలో పద్నాలుగు పేర్లూ రాసి, ఎవరికి ఏ రోజు పనొచ్చిందో టిక్కు పెట్టు. అది నీ సంచిలో కాదు, ఆటోలో అందరి చేతుల్లో తిరగాలి. కాటా దగ్గర నువ్వొక్కదానివే నిలబడకు, రోజుకొకరిని తోడు తీసుకెళ్ళి తూకం పైకి చదివించు.

కాస్త కటువుగా ఉంటుంది గానీ చెబుతాను. బ్యాచి పెద్దకి కిలోకింతని ముట్టే చోట్లున్నాయి. నీకూ ముడుతుంటే ఆ లెక్కే ముందు చెప్పు. నీది దాచి వాళ్ళది అడిగితే ఎవరు చెబుతారు?

వెనక్కొచ్చిన సరుకు మాటకొస్తే, జపానులో టయోటా కార్ల కంపెనీ పద్ధతి ఒకటుంది. లోపం కనిపిస్తే ఏ పనివాడైనా పైనున్న తాడు లాగొచ్చు. లాగగానే పైవాడు వచ్చి చెయ్యి వేస్తాడు, అప్పటికీ సరికాకపోతే లైనే ఆపేస్తారు. తాడు లాగినవాణ్ణి తిట్టడం మొదలుపెడితే మర్నాటినుంచి ఒక్కడూ లాగడు. నీ బల్ల దగ్గరా అంతే. పొట్టు మిగిలిందనో, ముక్క నల్లబడిందనో ట్రే కదలకముందే చెప్పినమ్మాయికి ఇంకో ఇద్దరు సాయం పట్టండి. అది మళ్ళీ నాలుగు రోజులు ఎత్తిపొడుపుగా అనుకోకూడదని ముందే మాట తీసుకో.

అన్నట్టు జవాబు చెప్పవలసింది కిందివాళ్ళు మాత్రమే కాదు. ఐసు నీళ్ళలో చేతులు పెట్టేవాళ్ళకి గ్లౌజులు, పి.ఎఫ్. కోసిన డబ్బుకి కాగితం, పని లేనిరోజు ముందు రాత్రే కబురు, ఇవి షెడ్డు వాళ్ళని అడగాలి. ఒక్కదానివి అడిగితే నీ నోరే పెద్దదంటారు, పద్నాలుగు మందీ కలిసి అడగండి.

ఉత్తరం చివర్లో ఇంకో మాట రాసింది. ఒకమ్మాయి రోజూ గంట ముందే లేచి వెళ్ళిపోతోందట, ఆ భారం మిగతావాళ్ళ మీద పడుతోందట, తీసెయ్యమని ఒత్తిడి చేస్తున్నారట. ఆమె ఇంట్లో పిల్లకి ఒంట్లో బాగాలేదని చూచాయగా విన్నానంది. చూచాయగా ఎందుకమ్మా, ఆదివారం ఓసారి ఇంటికి వెళ్ళు. ఎన్నాళ్ళు గంట కావాలో ఆమెనే చెప్పమను, ఒలిచినంతకే కూలి రాయండి, ఆ గంట ఎవరు సర్దుతారో అందరి ముందూ అనుకోండి. గడువు దాటితే మళ్ళీ కూర్చుని మాట్లాడండి. ఆ పిల్లకి ఎలా ఉందో నాకూ ఓ కార్డు ముక్క రాయి.