తల్లిని లోపలికి రానివ్వండి

కాన్పు గది తలుపు దగ్గర కన్నతల్లిని ఎందుకు ఆపేస్తున్నారో ఎవరైనా చెప్పండి. ఈ వారం నందికొట్కూరులో మా వీధి అమ్మాయికి తొలి కాన్పయింది. ఏ ఆసుపత్రి అన్నది అనవసరం, చాలాచోట్ల ఇదే తంతు. రాత్రి నొప్పులతో తీసుకుపోతే అమ్మాయిని ఒక్కదాన్నే లోపలికి పంపి గ్రిల్లు వేసేశారు. తల్లి తెల్లవార్లూ ఆ గ్రిల్లు పట్టుకునే నిలబడింది. చంకలో సంచి, అందులో ఉతికి మడతపెట్టిన పాత నూలు చీరలు, ఫ్లాస్కులో వేడినీళ్లు. లోపల బిడ్డ అరుస్తుంటే దాని మీద ఇంకో గొంతు: "మొగుడి దగ్గరికి పోయేటప్పుడు తెలీలేదా?" పాతికేళ్ల కింద తన కాన్పులోనూ ఇదే మాట పడ్డానని ఆ తల్లి చెప్పింది.

ఆసుపత్రి కాన్పులు వద్దని నేననను. ఉమ్మడి రాష్ట్రంలో 2004-06 నాటికి లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి మన ఆంధ్రప్రదేశ్‌లో అది 45కు దిగింది. ఆ ప్రాణాల విలువ తక్కువేం కాదు. అయితే మంత్రసానిని ఇంటికి పంపేసినప్పుడు ఆమె చేసే ఇంకో పనినీ పంపేశాం. నడుము రుద్దడం, నొప్పి నొప్పికీ మధ్య నాలుగడుగులు నడిపించడం, గొంతు తడపడం, రాత్రంతా పక్కనే కూచోవడం. ఆ పనిని ఆసుపత్రిలో ఎవరికి అప్పగించాం? ఎవరికీ లేదు.

కర్నూలు, కడప జిల్లాల నుంచి ఎందరు అమ్మలు కూతురి పురుటికని పచ్చళ్లు, కారప్పొళ్లు మూటగట్టుకుని డల్లాస్‌కో న్యూజెర్సీకో విమానమెక్కడం లేదు! అక్కడ ఆ తల్లి కాన్పు గదిలో బిడ్డ చెయ్యి పట్టుకుని నిలబడుతుంది. ఇష్టమైతే డౌలాను, అంటే కాన్పులో తోడుండే మనిషిని, కూడా పెట్టుకుంటారు. కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి పేదల బీమా మెడికాల్ కూడా డౌలా ఖర్చు భరిస్తోంది. కాన్పు పొడుగునా తోడు మనిషి ఉంటే ఏమవుతుందో 17 దేశాల్లో 15 వేలమందికి పైగా స్త్రీల మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి 2017లో చూశారు. నొప్పుల కాలం తగ్గింది, సిజేరియన్లూ తగ్గాయి. మా వీధి తల్లి సంచీతో చెయ్యగలిగిన పని ఇదే. ఆమెకు వీసా అక్కర్లేదు, జీతమూ అక్కర్లేదు.

సిజేరియన్ల మాట ఎత్తితే నాకు కోపం ఆగదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు కోతలే. ప్రైవేటులో 63. దేశం మొత్తానికి సగటు 21. మన ఆడవాళ్ల నడుములు దేశంలో అందరికంటే బలహీనమా? వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తించి, మనిషి తోడు లేకుండా భయపెడితే ఏ పిల్లయినా కోసేయమనే అంటుంది. బిడ్డ తలరాత మార్చాలని ముహూర్తం పెట్టుకొచ్చే కుటుంబాలదీ తప్పే, ఆ ముహూర్తానికి కత్తి పట్టేవాళ్లదీ తప్పే.

దారి లేక కాదు. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి సాయంతో 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఏడాదిన్నర చదువు. నొప్పుల్లో ఉన్న మనిషిని నడవనివ్వడం, గొంతుక్కూర్చోనివ్వడం, పక్కకు తిరగనివ్వడం, ఏం చేసినా ముందు చెప్పి చెయ్యడం అందులో పాఠాలే. మరుసటేడే కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. రాత్రంతా మంచం నుంచి మంచానికి ఒంటరిగా పరుగెత్తే నర్సును తిట్టి లాభం లేదు. ఆమెకు ఆ చదువు చెప్పించండి, పక్కన ఇంకొకర్ని వేయండి. నందికొట్కూరు, ఆత్మకూరు ఆసుపత్రులకు ఇద్దరేసి మిడ్‌వైఫ్‌లను ఇస్తే పగిడ్యాల, మిడుతూరు మండలాల వాళ్లకూ, నల్లమల చెంచుగూడేల వాళ్లకూ కర్నూలు దాకా పరుగు తప్పుతుంది.

ఈ అమర్యాద కాన్పుతో ఆగదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో అందరికంటే ఎక్కువున్నది మన రాష్ట్రంలోనే అని 2015-16 సర్వే చెప్పింది: 15-49 ఏళ్ల వాళ్లలో నూటికి దాదాపు 9 మంది. పత్తి చేలో కలుపు తీసే మనిషి తెల్లబట్ట అవుతోందని పోతే, క్యాన్సరొస్తుందని బెదరగొట్టి సంచి తీసేసి పంపుతున్నారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా ఆమెకే. 2019-21 లెక్కల్లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది చేయించుకుంటే, మగవాళ్ల లెక్క అర శాతం కూడా లేదు. ఇప్పుడేమో ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధననూ 2024 నవంబరులో ఎత్తేశారు. కనమన్నా, ఆపమన్నా, కోయమన్నా ఆమెను అడిగిందెవరు?

కాన్పుకు పోయే ఆడబిడ్డలకూ వాళ్ల అమ్మలకూ ఒక మాట. ప్రభుత్వాసుపత్రి కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆమె ఇదివరకు కాన్పయిన మనిషై ఉండాలి, అంటువ్యాధులు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, వైద్యానికి అడ్డుపడకూడదు. ముఖ్యమైన షరతులు ఇవే. గ్రిల్లు దగ్గర ఆపితే ఈ మాట గట్టిగా చెప్పండి. అయినా కాదంటే, ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వమని సూపరింటెండెంటునే అడగండి.